చిట్టి పట్టాలు

జనవరి ఇరవై నాలుగున మధ్యాహ్నం వేళ బొలీవియాలోని మా ఎల్ ఆల్టోలో ఎవరూ ఇంట్లో ఉండరు. అందరూ అలసితా సంతలోనే. ఈ ఏడాది తమకేం కావాలో దాని చిట్టి బొమ్మ కొని, సరిగ్గా పన్నెండు కొట్టేసరికి ధూపం వేయించుకోవాలి. అగ్గిపెట్టెంత ఇల్లు, అరచేతిలో పట్టే లారీ, వేలెడంత సిమెంటు బస్తా, చిట్టి చదువు పట్టా, ఏదైనా సరే. ఎవరిది వాళ్ళు కొనుక్కుంటే ఫలం తక్కువ, అయినవాళ్ళు కొని ఇవ్వాలి. మంచి ఆచారమే. కాని పెద్దవాళ్ళ పట్టుదల తోడైతే ఎంత మంచి ఆచారమైనా పిల్లల మెడకు చుట్టుకుంటుంది.

యోసెలిన్ హ్వాల్పా మొన్న డిసెంబరులో బడి చదువు ముగించింది. ఆ రోజు నెత్తిన రంగు కాగితాల ముక్కలు చల్లినప్పటి నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న, ఇక ఏమవుతావని. రొట్టెలమ్మే ఆవిడ అడిగింది. బస్సులో ముక్కూ మొహం తెలియనివాడు కూడా అడిగాడు. పాపం, ఆ పిల్లకు నిజంగానే తెలియదు. ఆ మాట చెబితే చులకన అయిపోతానని నవ్వి ఊరుకునేది.

ఆమె తండ్రి ప్రిమితీవో మినీబస్సు డ్రైవరు. మా అమ్మాయి లాయరవుతుందని స్టాండులో అందరికీ చాటేశాడు. లాయరే ఎందుకంటే, ఒకసారి ట్రాఫిక్ పోలీసు అన్యాయంగా ఆపినప్పుడు అతను నోరెత్తలేకపోయాడు. ఆ కచ్చ తీర్చే పని కూతురి నెత్తిన పెట్టాడు. సంత తర్వాతి సోమవారమే లా కాలేజీ ప్రవేశ శిక్షణలో చేర్పించాలని నిశ్చయించాడు. ధూపం పడ్డ పట్టాను కాదనడం మా వాళ్ళలో లేదు, దేవుడి ముందు ఒప్పుకున్నట్టే లెక్క. ఆమె పెదనాన్న కొడుకు విల్మర్ అలాగే ఇంజనీరింగ్ పట్టాకు ధూపం వేయించుకున్నాడు. ఇప్పటికీ రోజూ డ్రాయింగు స్కేలు పట్టుకుని ఇంట్లోంచి బయలుదేరతాడు, కాలేజీ గుమ్మం మాత్రం తొక్కడు. ఆ సంగతి యోసెలిన్‌కు ఒక్కదానికే తెలుసు. తన బతుకూ అలాగే అవుతుందని ఆమె భయం.

సంతలో తండ్రి వేలెడంత లా పట్టా కొన్నాడు. అంగడామె దాని మీద యోసెలిన్ పేరు రాసి ఎర్ర రిబ్బను కట్టింది. అంతలో మేనత్త సబీనా నర్సు పట్టాతో వచ్చింది.

"లాయర్లు సందుకొకరున్నారు అన్నయ్యా. నర్సయితే నా మోకాళ్ళయినా చూస్తుంది."

"నీ మోకాళ్ళ కోసం నా కూతురి చదువు మానిపించమంటావా?"

"మానిపించమన్లేదు, మార్చమన్నాను."

తల్లి బసీలియా ఎవరితోనూ వాదించకుండా ఒక టీచరు పట్టా తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

ధూపం వేసే మామ్మ యూలోహియా నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, మూడు పట్టాలూ చూసింది.

"వీటిల్లో నీదేదమ్మా?"

"అన్నిటి మీదా నా పేరే ఉంది మామ్మా."

"పేరు సంగతి కాదు. పొగ పట్టేటప్పుడు నువ్వు మనసులో దేన్ని అడుగుతావు?"

వెనక జనం తోసుకుంటున్నారు. "లా పట్టా మామ్మా. కానివ్వండి, టైమైపోతోంది," అన్నాడు ప్రిమితీవో.

యోసెలిన్‌కు కళ్ళ నీళ్ళు తిరిగాయి. "నాకు తెలీదు నాన్నా. ఏదో ఒకటి చెప్పమంటే చెప్తాను. ఆ తర్వాత రోజూ నీతో అబద్ధాలాడుతూ బతకాలి. అది నావల్ల కాదు."

చర్చి గంటలు మోగాయి. చుట్టుపక్కల అందరి బొమ్మలకూ పొగ పట్టారు. యోసెలిన్ పట్టాలు అలాగే ఉండిపోయాయి. నలుగురిలో పరువు పోయిందని ప్రిమితీవో మొహం మాడిపోయింది.

"పద్దెనిమిదేళ్ళొచ్చి తెలీదంటే ఎలాగే?" అన్నాడు.

"ఆ వయసులో నీకు తెలుసా నాయనా?" అంది మామ్మ.

అతనికి కోపం వచ్చింది. ఆ వయసులో అతను మార్కెట్లో మూటలు మోశాడు, ఇటుకలు కోశాడు, రొట్టెల బట్టీలో చేరి మానేశాడు. ఎవరిదో బస్సు కడుగుతూ కడుగుతూ ఇంజను మీద ఇష్టం పెంచుకున్నాడు.

"నన్నెవరూ అడగలేదు మామ్మా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "వీడేదో అవుతాడని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అందుకే నా దారి నేను వెతుక్కోగలిగాను."

"దీని మీద ఆశ పెట్టుకున్నావు గనక దీనికి వెతుక్కునే వీల్లేదా మరి?"

ప్రిమితీవో కూతురి చేతిలోంచి పట్టాలు తీసుకుని జేబులో వేసుకున్నాడు. "పిల్లకే వేయండి మామ్మా, ధూపం," అన్నాడు. పన్నెండు దాటిపోయిందని సబీనా సణిగినా మామ్మ వినిపించుకోలేదు.

సోమవారం యోసెలిన్ శిక్షణకు వెళ్ళలేదు. ఫిబ్రవరిలో ఒక పశువుల డాక్టరమ్మ దగ్గర పొద్దుటిపూట సాయానికి చేరింది. గొర్రెలకు సూది వేయడం నేర్చుకుంది, ఒక గాడిద చేత తన్నించుకుంది కూడా. ఇదే తన దారో కాదో ఇంకా చెప్పలేనంటోంది. కాని ఆ మాట ఇప్పుడు అన్నం తింటూ తండ్రి మొహం మీదే అంటోంది.

"లాయరమ్మగారు ఎప్పుడు కోటు వేసుకుంటారు?" అని ఒకరోజు స్టాండులో ఎదుటి బస్సు డ్రైవరు ఎగతాళి చేశాడు.

"ఇంకా వెతుక్కుంటోందిరా," అన్నాడు ప్రిమితీవో. "మీవాడికి తెలిసిపోయిందేమిటి?"

ఆ డ్రైవరు నవ్వు ఆగిపోయింది. "ఏమో, మావాడు నాతో మాట్లాడడు," అన్నాడు.

అయ్యలారా, అమ్మలారా, బడి ముగించిన పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఏమవుతావని రేపు అడగవచ్చు. ఇవాళ మాత్రం 'నాకు తెలీదు' అనే మాటను మీ ముందు భయపడకుండా అననివ్వండి.