చీర వెంట వెళ్ళిన బర్రె

చుక్క బర్రె వెళ్ళిపోయింది గానీ దాని నెమరు పాకలోనే ఉంది. గుంజ దగ్గర, బర్రె మూతి ఉండాల్సిన ఎత్తులో, కుడి నుంచి ఎడమకూ ఎడమ నుంచి కుడికీ తాపీగా కదులుతోంది. పొద్దున్నే పాల చెంబుతో వచ్చిన పున్నమ్మ దాన్ని కాసేపు చూసి, కుడితి తొట్టి దాని కిందికి జరుపుతుంది. మిగిలినదాన్నయినా మేపాలి గదా.

మొగుడు చెంచయ్య వేపపుల్ల నములుతూ వచ్చి, నెమరు మీద వాలుతున్న ఈగల్ని తువ్వాలుతో తోలడం మొదలుపెడతాడు. పున్నమ్మ ముఖం మాత్రం చూడడు. పాతికేళ్ళ కాపరంలో ఆయన ముఖం చూడనప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి పోయి ఉంటుంది.

"పాల చీర ఏదయ్యా?" అంటుంది.

"నిన్న స్టీలు సామాన్ల వాడొచ్చాడే," అంటాడు చెంచయ్య. "జల్లెడ ఇచ్చాడు. మంచి జల్లెడ."

పాల చీరంటే ఆకుపచ్చ గళ్ళ నేత చీర. పన్నెండేళ్ళుగా పున్నమ్మ అది కట్టుకునే పాలు పితుకుతోంది. తవుడూ తెలగపిండీ పేడా కలిసిన ఆ వాసన తగలనిదే చుక్క బర్రె చేపదు. పాలు బిగబట్టుకుని కాలెత్తుతుంది. పున్నమ్మ చెల్లెలి పురిటికి వెళ్ళినప్పుడు చెంచయ్యే ఆ చీర చుట్టుకుని, మీసాల మీదికి కొంగు లాక్కుని నెల రోజులు పితికాడు. బర్రెకు అనుమానం రాలేదు. ఊరు మాత్రం ఇప్పటికీ ఆ మాటెత్తి పడీ పడీ నవ్వుతుంది. ఆ నవ్వులు పడలేకే ఆయన చీరను వదిలించుకున్నాడని పున్నమ్మకు అర్థమైపోతుంది. కోపం వస్తుంది గానీ, మీసాల మీద ఆ కొంగు గుర్తొచ్చి నిలవదు.

"నెమరు వదిలి పోయిందంటే మళ్ళీ రావాలనేగా," అంటాడు చెంచయ్య ఆశగా.

"నన్ను చూసి వచ్చిద్దా, చీరను చూసి వచ్చిద్దా?" అంటుంది పున్నమ్మ. "ఇన్నేళ్ళూ పాలిచ్చింది నాకా, ఆ గుడ్డకా? అది తేల్చుకోవాల నేను."

అడిగేదాకా ఆమెకు ఆ ప్రశ్న తనలో ఉందని తెలియదు.

పలుపు ఒక కొస గుంజకే ఉంది. రెండో కొస పాక అవతలి వైపుకి బిగువుగా సాగిపోయింది. నిన్నటిదాకా ఇది ఆరు నిట్రాళ్ళ మీద నిలిచిన పాక. ఇవాళ చివర కనపడడం లేదు. పున్నమ్మ ఊరికెళ్ళే గంజి చీర కట్టుకుని, చెంబు చంకన పెట్టుకుని, పలుపు పట్టుకుని తాటాకు నీడలోనే నడుస్తుంది. దూడ రానంటుంది. అమ్మ కొంత ఇక్కడే ఉంది గదా, నేనూ ఇక్కడే ఉంటానంటుంది.

నలభయ్యో నిట్రాడు దగ్గర పాకలో రైలు ఆగి ఉంది. ప్రయాణికులు దిగి గడ్డి మోపుల మీద కూర్చుని పులిహోర తింటున్నారు.

"పలుపు అడ్డంగా ఉందమ్మా," అంటాడు గార్డు మర్యాదగా. "ఎవరి పశువో తెలీకుండా దాటకూడదు."

"మాదే. పోనీండి," అని పున్నమ్మ పలుపును పైకెత్తి పట్టుకుంటుంది. రైలు తల వంచుకుని, ఒక్కో పెట్టే దాని కింద నుంచి వెళ్ళిపోతుంది.

మధ్యాహ్నానికి పాక సముద్రంలోకి దిగుతుంది. చివరి నిట్రాడుకి అవతల చుక్క బర్రె నీళ్ళ మీద నిలబడి ఉంది. గిట్టలు మాత్రం తడిశాయి. పక్కనే ఒక పడవ. దాని తెరచాప ఆకుపచ్చ గళ్ళది, పున్నమ్మ పాల చీరే. పడవ మనిషి ఏడుకొండలు అంచు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"మీదేనా అక్కా? రాత్రి నుంచీ మూడుసార్లు వేటకొచ్చింది మాతో," అంటాడు. "గాలి ఎటునుంచి వచ్చిద్దో మోరెత్తి చెప్పిద్ది. ఇట్టాంటిది మా రేవులోనే లేదు."

బర్రె ఒళ్ళు నిగనిగలాడుతోంది. కొమ్ములకు ఉప్పు పట్టి మెరుస్తోంది. ఊరి చెరువు దాటి ఎరగనిది ఇంత హాయిగా ఉన్నందుకు పున్నమ్మకు సంతోషమేస్తుంది, ఆ వెంటనే కుళ్ళు కూడా. పిలిస్తే బర్రె తల తిప్పి చూస్తుంది. చూసి, మళ్ళీ తెరచాప వైపే తిరుగుతుంది.

"నిన్న స్టీలు సామాన్ల వాడి దగ్గర కొన్న చీర. నీదైతే విప్పుకుని పో అక్కా," అంటాడు ఏడుకొండలు. "కాకపోతే గాలి దానికి అలవాటు పడింది. వేరే గుడ్డ కడితే తన్నిద్ది."

పున్నమ్మ తెరచాప అంచు పట్టుకుని వాసన చూస్తుంది. తవుడు వాసన ఇంకా ఉంది. ఇది చుట్టుకుంటే బర్రె మారుమాట లేకుండా వెంట వస్తుంది. పాలు తనకిచ్చిందో గుడ్డకిచ్చిందో మాత్రం ఎప్పటికీ తేలదు. అంచు వదిలేస్తుంది.

"ఉండనీ తమ్ముడూ. గాలిని ఎందుకు ఇబ్బంది పెట్టడం."

కుచ్చిళ్ళు ఎగదోపుకుని బర్రె పక్కన గొంతుక్కూర్చుంటుంది. నీళ్ళు ఆమె బరువుకి కాస్త కుంగి ఆగుతాయి. గంజి చీర ఫెళఫెళమంటుంది. బర్రె చెవులు నిక్కబొడుచుకుని కాలెత్తుతుంది.

పున్నమ్మ జరగదు. ఉత్త చేతులతో పొదుగు నిమురుతుంది. "నేనేనమ్మా," అంటుంది. "చీర లేదు. నేనే ఉన్నా."

ఎత్తిన కాలు చాలాసేపు అలాగే ఉంటుంది. తర్వాత మెల్లగా దిగుతుంది. పొదుగు వెచ్చబడుతుంది. మొదటి ధార చెంబు అడుగున జుయ్యిమంటుంది. పున్నమ్మకు ఏడుపొస్తుంది. ఏడుస్తూనే పితుకుతుంది. ఇంత హాయి ఆమెకు ఈ మధ్య తెలియదు.

చెంబు నిండుతుంది. లేవబోతూ తలెత్తితే, ఒడ్డుకు వెళ్ళవలసిన అలలు వెళ్ళడం లేదు. ఒకదాని వెనక ఒకటి, తోకలు విసురుకుంటూ, పొదుగులు బరువై, వరసగా నిలబడి ఉన్నాయి.

"తమ్ముడూ, ఇంకా పెద్ద గిన్నె ఉంటే ఇట్టా తీసుకురా," అంటుంది పున్నమ్మ.

ముందున్న అల ఒక అడుగు వేసి, ఆమెకు పక్కగా తిరిగి నిలబడుతుంది. చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది.