రెండొందల కిలోమీటర్ల చదువు

అగ్గిపెట్టెకు అన్నలా ఉన్న ఆ నల్ల పెట్టెను సెఖోబే ఇంటికి తెచ్చిన పూట మాలిసెబో పొయ్యి మీద మొక్కజొన్న సంకటి కెలుకుతోంది.

"ఏమిటది?" అంది, తెడ్డు ఆపకుండా.

"బలం," అన్నాడు మొగుడు.

మొఖొట్లాంగ్ బస్సులు ఆగే చోట గుడ్డ పరుచుకుని ఫోను తొడుగులు అమ్మేవాడి దగ్గర కొన్నాడట. డీజిల్ బండికి స్టీరింగు కింద ఒక కంత ఉంటుంది, మెకానిక్కులు తమ కంప్యూటరు తగిలించేది. అందులో ఈ పెట్టెను గుచ్చితే చాలు, ఇంజనుకు బలం పెరిగి డీజిల్ ఖర్చు తగ్గుతుంది.

"ఎక్కువ పని చేసి తక్కువ తింటుందన్నమాట. అలాంటిది ఈ ఇంట్లో ఒకటి ఇప్పటికే ఉంది," అంది మాలిసెబో, సంకటి వడ్డిస్తూ.

సెఖోబే ఆ మాట వినలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆయనకు కొన్ని మాటలు వినపడవు.

"అయితే వెంటనే కాదు. ముందు రెండొందల కిలోమీటర్లు మన బండి నడక నేర్చుకుంటుందట. ఆ తర్వాత చూడమన్నాడు."

అది ఉత్త పెట్టె గొడవే అయితే మాలిసెబో నవ్వి ఊరుకునేది. కానీ నెల తిరిగేసరికి కొండ కింద బూతాబూతేలో సెఖోబే మేనకోడలు పుసెలెట్సో పెళ్ళి. విందుకు ఎద్దును మేనమామే తోలుకు రావాలి. మధ్యలో ట్లాయెంగ్ కనుమ ఉంది. ఎద్దుతో కనుమ ఎక్కడం పాత పికప్ బండి వల్ల కాదని ఖాబో గారి లారీ మాట్లాడుకున్నారు. పెట్టె వచ్చిన మర్నాడే సెఖోబే పోయి లారీ వద్దని చెప్పి వచ్చాడు. ఖాబో పళ్ళికిలించి, "మీ ఎద్దు కొండ మధ్యలో దిగి బండిని నెడుతుందేమో, నేనూ వచ్చి చూస్తాలే బావా," అన్నాడట. మేనమామ చేతులూపుకుంటూ పెళ్ళికి వెళితే, ఆ కథ మనవల కాలం దాకా చెప్పుకుంటారు. మాలిసెబోకు నిద్ర పట్టకపోవడానికి ఆ మాత్రం చాలు.

మొదట్లో పెట్టె ఏ చదువూ చదివినట్టు కనపడలేదు. ఆకుపచ్చ దీపం మాత్రం మిణుకు మిణుకుమనేది. తర్వాతి వారం బియ్యం, పిండి కొనడానికి ఇద్దరూ బూతాబూతే దిగారు. ఇంటి నుంచి అక్కడికి ఇంచుమించు రెండొందల కిలోమీటర్లు. ఊళ్ళో అడుగుపెట్టారో లేదో, బండి తాడు తెంచుకున్న దూడలా ఉరికింది.

"చూశావా!" అని సెఖోబే స్టీరింగు మీద చరిచాడు. "నేర్చుకుంది!"

మాలిసెబో కళ్ళారా చూసింది. కాదనడానికి లేదు. కానీ మర్నాడు తిరిగి కొండెక్కి ఇల్లు చేరేసరికి బండి మళ్ళీ పాత ముసలమ్మే.

"మరిచిపోయింది," అన్నాడు సెఖోబే. "మళ్ళీ నేర్పాలి."

మళ్ళీ దిగాడు. మళ్ళీ నేర్చుకుంది. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ మరిచింది.

"లిసెబో నాన్నా," అంది మాలిసెబో, కూతురి పేరుతో మొగుణ్ణి పిలుస్తూ, "కొండ కింద గాలి చిక్కన. కిందికి దిగితే మీ అమ్మ మోకాళ్ళు కూడా పరిగెడతాయి. ఆవిడకు ఏ పెట్టె గుచ్చారు?"

"మా అమ్మను ఇందులోకి లాగకు."

"నన్ను లాగండి," అంది అత్తగారు మూలనుంచి. "మోకాళ్ళకు పెట్టె ఉంటే నాకూ ఒకటి తెండి."

అంతా గాలి మాయేనని మాలిసెబో తేల్చేసుకుంది. తేల్చుకున్న రెండో రోజే, ఊరి పక్క గుట్ట మీదికి, అంటే గాలి పల్చగా ఉన్న చోటే, బండి చెంగున ఎక్కేసింది. ఇదేం ఖర్మ అనుకుంటూ ఆమె మొగుడి కాళ్ళ వంక చూసింది. ఇదివరకు సెఖోబే డీజిల్ మిగల్చాలని పెడలు మీద, కింద కోడిగుడ్డున్నట్టు కాలు పెట్టేవాడు. ఇప్పుడు తేలును తొక్కినట్టు తొక్కుతున్నాడు. మరి పెట్టె పనిచేసింది బండి మీదనా, కాలి మీదనా? కాలి మీదైతే అది పనిచేసినట్టా, చేయనట్టా? ఆలోచించిన కొద్దీ ఆమె బుర్ర నీళ్ళెక్కువైన సంకటిలా జారిపోయింది.

పెళ్ళికి బయలుదేరారు. వెనక కమ్మీల మధ్య ఎద్దు, లోపల వెనక సీట్లో అత్తగారు, ఒళ్ళో అల్లం పానీయం డబ్బా. కనుమ మొదట్లో సెఖోబే బండి ఆపి, ఎద్దు తాడు బిగించడానికి దిగాడు. మాలిసెబో చేయి తనంత తానే స్టీరింగు కిందికి పోయింది. పెట్టె ఊడి వచ్చింది. దాన్ని ఒంటికి కప్పుకున్న దుప్పటి మడతలో పెట్టి పిన్ను గుచ్చింది. తాడో పేడో తేలిపోవాలనుకుంది. ఊడదీశాక గాని, పందెం ఒడ్డింది మొగుడి పరువునని గుర్తు రాలేదు.

"ఏమిటే తీశావు?" అంది అత్తగారు వెనకనుంచి.

"కింద ఏదో అంటుకుందత్తా."

"ఊఁ," అంది అత్తగారు. ఆ ఊఁ ఏ రకందో కోడలికి తెలియలేదు.

సెఖోబే వచ్చి కూర్చున్నాడు. తిరిగి గుచ్చే దారి మూసుకుపోయింది. బండి ఎక్కడం మొదలుపెట్టింది. మొదటి మలుపు బాగానే తిరిగింది. రెండో మలుపు మూలిగింది. అన్నిటికన్నా నిటారుగా ఉన్న చోట గొర్రెల మంద అడ్డం వచ్చింది. బండి ఆగింది. ఆగి, కాస్త వెనక్కి జారింది. వెనక ఎద్దు అరిచింది. మాలిసెబోకు దుప్పటిలో పెట్టె నిప్పుకణికలా తగిలింది. చెబుదామా? చెబితే ఇక్కడే రోడ్డు మీద పెళ్ళి జరిగేట్టుంది.

"లిసెబో నాన్నా..."

"భయపడకు. నా బంగారు పెట్టె ఉంది," అని సెఖోబే మొదటి గేరు వేసి, తేలును చంపినట్టు తొక్కాడు. బండి నల్లటి పొగ కక్కి, ఒక్క ఊపున ముందుకు కదిలింది. పైకి చేరేదాకా ఇంక ఆగలేదు.

"అది లేకపోతే ఈపాటికి లోయలో ఉండేవాళ్ళం," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

మాలిసెబో దుప్పటి పిన్నును ఒకసారి తడిమి చూసుకుంది.

పెళ్ళివారి వాకిట్లోకి ఎద్దు దిగగానే ఆడవాళ్ళు కేకలు వేసి పాట ఎత్తుకున్నారు. బస్సులో ముందే వచ్చేసిన ఖాబో ముఖం మాడింది. పెళ్ళికొడుకు లెబూసా బండి చుట్టూ తిరిగి, "ఈ బండితో ఎలా ఎక్కారు మామయ్యా? నాదీ డీజిల్ కారే, గుట్ట చూస్తే మూర్ఛపోతుంది," అన్నాడు.

అంతే, మేనమామ ఛాతీ ఉబ్బింది. "నా దగ్గర ఒక పెట్టె ఉంది. ఇదిగో అందరి ముందూ చెబుతున్నా, అది నీకే." గొప్పగా స్టీరింగు కిందికి వంగాడు. వంగినవాడు లేవలేదు. చేయి అటూ ఇటూ తడుముతోంది. పాట సన్నబడింది.

"లేదు," అన్న గొంతు కిందినుంచి వచ్చింది.

"లేకుండానే ఎక్కాడా ఏమిటి!" అని ఖాబో గట్టిగానే అన్నాడు.

మాలిసెబో పిన్ను తీసి పెట్టెను బయటికి తెచ్చింది. సెఖోబే దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. "ఎప్పుడు తీశావు?"

ఆమె నోరు తెరిచింది.

"ఇప్పుడే, వాకిట్లోకి వచ్చాక," అంది అత్తగారు బండి దిగుతూ. "ఇంతమంది జనంలో ఎవరైనా ఎత్తుకుపోతారని. నేను చూశాగా. ముందు నన్ను పట్టుకోండి, మోకాళ్ళకు పెట్టె లేదు."

జనం నవ్వారు. పాట మళ్ళీ ఎత్తుకుంది. పెట్టె పెళ్ళికొడుకు చేతికి పోయింది.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతూ మాలిసెబో గొంతు తగ్గించి అడిగింది. "ఎందుకత్తా అలా అన్నారు?"

"నాకూ తెలుసుకోవాలనే ఉండింది," అంది ముసలావిడ. "ఇంతకీ ఏం తెలిసింది?"

కోడలు గిన్నె వైపు చూసింది. ఎక్కింది, నిజమే. పెట్టె లేకుండానే ఎక్కింది. కానీ పెట్టె ఉందనుకోకపోతే ఆయన అలా తొక్కేవాడా? "ఏమీ తెలియలేదత్తా."

కొత్త దంపతులు పెట్టె గుచ్చిన కారులో మొఖొట్లాంగ్ వచ్చారు. ఇంకా నేర్చుకోలేదు మామయ్యా అన్నాడు అల్లుడు దిగులుగా. కొండ దిగి ఇల్లు చేరిన రోజే ఫోను చేశాడు. "నేర్చుకుంది! ఎగురుతోంది!"

"చెప్పానా," అన్నాడు సెఖోబే భార్యతో.

తర్వాత పిండి కోసం బూతాబూతే దిగినప్పుడు వాళ్ళ బండీ తాడు తెంచుకున్న దూడలా ఉరికింది.

"పెట్టె లేదుగా?" అంది మాలిసెబో.

"అక్కర్లేదు. దాని దగ్గర ఇంజను నేర్చేసుకుంది."

ఆయన పిండి కొట్టులోకి వెళ్ళాక ఆమె ఒక్కతే కూర్చుంది. గాలి చిక్కన, అంతే, అనుకుంది. అనుకుని, ఎందుకైనా మంచిదని స్టీరింగు కిందికి వంగి చూసింది. కంత ఖాళీగానే ఉంది. వేలు పెట్టి మరీ చూసింది.