చుక్క పెట్టిన కళ్ళు

నా చూపు దొంగసొత్తు. దొంగలు మీరే. మొక్కు వెండిని అమ్ముకున్న గుడి పెద్దలూ, దాన్ని కొన్న డిజైనరమ్మా, ముచ్చటపడి మెడలో వేసుకున్నావిడా, అందరూ మీరే.

నేను ఒక జత వెండికళ్ళను. మిరప కోతలకు పోయే శౌరమ్మ, చూపులేని కూతురు తెరేజ కోసం నన్ను చేయించి, పునీత లూసియమ్మ గుడిలో ఇనుప జాలీకి కట్టింది. పీకిన కళ్ళను పళ్ళెంలో పట్టుకుని నిలబడ్డ పునీతురాలామె. దేవుడు ఆమెకు కొత్త కళ్ళిచ్చాడట. ఆ గుడిలో ఓ పద్ధతుంది. మొక్కు కళ్ళలో కంటిపాప చెక్కరు, బోసిగానే కడతారు. చూపొచ్చాక, మొక్కుకున్న మనిషే సూదితో చుక్క పెట్టాలి. ఆ సూదిని శౌరమ్మ పైటకు గుచ్చుకుని తిరిగేది.

ఆ మొక్కు తీరనేలేదు. జాలీ నిండిపోయిందని పెద్దలు మమ్మల్ని తట్టకెత్తి బెజవాడ డిజైనరు హరిప్రియకు అమ్మేశారు. లూసియమ్మ కథతో ఆవిడ కొత్తరకం నగలు చేస్తోంది. నన్ను చిన్న రాగి పళ్ళెంలో పొదిగించింది.

“పాపల్లేవమ్మా, ఇట్టాగే ఉంచెయ్యనా?” కంసాలి భావన్నారాయణ అడిగాడు.

“గుడ్డి కళ్ళెవరు కొంటారు బాబాయ్? పెట్టెయ్.”

“పెడితే నన్నే చూస్తాయేమో!” నవ్వుతూ ఉలి మీద దెబ్బ వేశాడు.

చూశాను. అతని నవ్వు సగంలో ఆగిపోయింది. రెండో కంటికి చుక్క పెట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

నాకు రెప్పల్లేవు. పెట్టెలో పెట్టి మూసినా చీకటిని చూస్తూనే ఉన్నాను. ఆ నగ కొన్నావిడ అద్దం ముందు నన్ను చూసి ఉలిక్కిపడేది. అయినా కథ ఉన్న నగ కదా, లూసియమ్మ పండగకే వేసుకొచ్చింది.

అక్కడ శౌరమ్మ జాలీ అంతా తడుముతోంది, తను కట్టిన కళ్ళ కోసం. పక్కనున్న తెరేజ గబుక్కున నా వైపు తిరిగింది.

“అమ్మా, ఎవరో నన్ను చూస్తన్నారే.”

“పండగ్గదే, అందరూ చూత్తారు.”

“కాదే. నా కళ్ళతో చూస్తన్నారు.”

తను ఎన్నడూ చూసుకోని చెంప మీది పుట్టుమచ్చను నేను చూశాను. నాకు రావలసిన చూపు కాదది, తెరేజకు రావలసింది. కొన్నావిడ నా మీద పైట కప్పేసి గబగబా కారెక్కింది.

చాలు. నన్ను ఆ మెడలోంచి తీయండి. ఈ చుక్కలు పూడ్చండి. మొక్కులమ్ముకోవడం ఆపండి. నన్ను తీసుకెళ్ళి ఆ జాలీకే కట్టండి, ఇవాళే. సూది ఇంకా శౌరమ్మ పైటకే ఉంది.