హరి యనువారు లేని సభ

శ్రావణమాసపు మేఘములు మధ్యాహ్నమంతయు గర్జించి గర్జించి వర్షింప మనసు రాక ఉత్తరదిక్కునకు తొలగిపోగా, పూర్వసాగరమునుండి మెల్లమెల్లగ లేచిన శీతలమారుతము చెన్నపట్టణపు రాజవీధులయందలి ధూళి నణచుచు మేడలమీది తెరలను కదల్చుచు వీవదొడంగెను. ఆదివారమగుటచే కచేరీలు మూతపడి ట్రాముబండ్ల రొద సన్నగిల్లి, వారమంతయు చాకిరి చేసి యొకపూట తీరిక దొరకిన యిల్లాలివలె ఆ మహానగరము సాయంకాలపు టెండలో తల యారబెట్టుకొనుచున్నట్లుండెను. ఐరోపాఖండమున క్రమ్ముకొనుచున్న మరియొక జాతి మేఘములనుగూర్చి పత్రికలు ప్రతిదినమును వ్రాయుచునే యుండెను. అయినను పట్టణమందలి తెలుగువారికి నాటి సాయంకాలపు ముచ్చట వేరొకటి. రేడియోలో కోదండదాసుగారి హరికథ కలదు.

తంపెళ్ల కోదండదాసు విజయనగర ప్రాంతమువాడు. కాళ్లకు గజ్జెలు కట్టి చేత చిరుతలు పట్టి మెడ పూలదండతో జనసముద్రమధ్యమున నిలిచెనేని చంటిబిడ్డలు సైతము ఏడ్పు మాని చెవులప్పగింతురని ప్రతీతి గడించిన గంధర్వకంఠుడు. ఆయన కథ యెచట జరిగినను స్త్రీలు కూర్చుండు చాపమీద ముందువరుసలో ఆయన ధర్మపత్ని పేరిందేవమ్మ కూర్చుండెడిది. హరిదాసులు కథనడుమ నాగి “శ్రీమద్రమారమణ గోవిందో” యని పిలుచుటయు, సభవారు “హరి” యని బదులు పలుకుటయు మన దేశమున నెల్ల రెరిగిన యాచారమే. ఆ బదులు వచ్చువరకు దాసు కథను ముందునకు నడపడు. నడపుట మర్యాదయు కాదు. కోదండదాసు పిలిచినప్పుడెల్ల జనఘోషకు రవంత ముందుగ వినవచ్చునది పేరిందేవమ్మ కంఠము. ఆ రవంత యెడమును వినుటకే తాను కథలు చెప్పుచున్నానని దాసు ఆమెతో పరిహాసమాడుచుండువాడు. అది పరిహాసము కాదని యిరువురకును తెలియును.

గడచిన యేట విషజ్వరము సోకి ఆమె కన్నుమూసెను. నాటినుండి కోదండదాసు గజ్జె కట్టలేదు. పిలువవచ్చినవారితో గొంతు బాగులేదని చెప్పి పంపుచుండెను. గొంతు నిక్షేపముగ నుండెను. ముందువరుసలోని యాఖాళీచోటును చూచుటకు గుండె చాలక అట్లనుచుండెను, అంతియ. ఇట్లుండగా చెన్నపట్టణమునుండి రేడియో నిలయపు కార్యక్రమములు చూచు జోగారావను వినయశీలుడైన యువకుడు వచ్చి, తమ గదిలో సభ యుండదనియు, ఎదుట నొక యంత్రము మాత్రమే యుండుననియు, దానితో చెప్పిన కథ యెక్కడెక్కడివారో విందురనియు విన్నవించెను. ఈ ప్రపంచమున సభలేని సభ యనునది యొకటి కలదని వినినంతనే దాసు మనసు కుదుటబడినది. చాపయే లేనిచోట చాపమీది ఖాళీ యెట్లుండును? ఈ పర్యాయము కథ సాగెనా, బ్రతికినంతకాలము చెప్పుచుండవలెను. సాగదయ్యెనా, ఆ గజ్జెలను చెన్నపట్టణపు సముద్రములో విడిచి వట్టికాళ్లతో నింటికి పోవలెను. రైలులో కూర్చుండి ఆయన చేసికొనిన నిశ్చయ మిది.

సముద్రమునకు కూతవేటు దూరముననున్న యారేడియో నిలయమున కథకై కేటాయించిన గది గోడలకు దళసరి గుడ్డలు తొడిగి, నేలకు మెత్తని తివాసి పరచి, కిటికీ యన్నది లేకుండ కట్టబడియుండెను. ఒకవైపున మాత్రము పెద్ద యద్దమును దాని కావల జోగారావును కనబడుచుండిరి. గజ్జెల చప్పుడునకు యంత్రము బెదరునని యాతడు నొచ్చుకొనుచునే చెప్పగా దాసు ఆ గజ్జెలను విప్పి అంగవస్త్రమున మూటగట్టి ప్రక్కన పెట్టుకొనెను. ఫిడేలువాయించు నతనిని మృదంగమువాయించు నతనిని పిలిచి జోగారావు, గదిలోని యెఱ్ఱదీపము వెలిగినది మొదలు ఆరిపోవువరకు దాసుగారి నోట తప్ప మరియొకరి నోట పలుకు వెలువడరాదని గట్టిగ చెప్పెను. ఆ యిరువురును రేడియో ముఖ మెరుగనివారగుటచే తుమ్మినచో చెరసాలలో పెట్టుదురేమో యన్నంత భక్తితో తల లూపిరి.

ఎఱ్ఱదీపము వెలిగెను. గజేంద్రమోక్షణ కథను దాసు ఎత్తుకొనెను. కన్నులు మూసికొని యుండుటచే నేమి, ఏడాదిపాటు కట్టువడియున్న కంఠ మొక్కసారిగ విడివడుటచే నేమి, త్రికూటపర్వతసానువులును కలువలు విరిసిన సరోవరమును మదధారాసిక్తకపోలములతో కరేణుపరివృతుడై దిగివచ్చు గజరాజును ఆ కిటికీలేని గదిలోనికి నడచివచ్చినట్లయ్యెను. అద్దమునకావల జోగారావు వాచీ చూచుకొనుట మరచిపోయెను. మకరి పట్టు బిగించినది. ఏనుగు బలము తరిగినది. తోడివా రెవరిదారిని వారు పోయిరి. దిక్కులేని యామృగము తొండ మాకసమున కెత్తి ఉన్నాడో లేడో తెలియని వానిని పిలువసాగెను. ఇన్నేండ్లుగ ఏ ఘట్టమున పిలుచుచుండెనో ఆ ఘట్టముననే, అలవాటు నాలుకను లాగికొనిపోగా, కోదండదాసు చేతులెత్తి “శ్రీమద్రమారమణ గోవిందో” యని పిలిచి ఆగెను.

బదులు రాలేదు. ఫిడేలునాతడు కమాను గాలిలో నిలిపి అద్దమువంక చూచుచుండెను. మృదంగమునాతడు పెదవులు బిగించి కన్నులు పెద్దవి చేసి కూర్చుండెను. హరినామము ఆయిరువురి నోటిచివరకు వచ్చెను గాని ఆజ్ఞ గొంతు పట్టుకొనియుండెను. ఆవల జోగారావు కానిమ్మని రెండు చేతులును ఊపుచుండెను. కన్నులు మూసికొనియున్న దాసునకు ఇదేమియు తెలియదు. ఆయన సభకొరకు వేచియుండెను. ఏడాదిగ ఊరూర తప్పించుకొని తిరిగిన యాఖాళీచోటు తలుపులు బిగించుకొని వచ్చి తన యెదుట కూర్చున్నదని ఆయనకు తోచెను. పేరిందేవి లేదు. ఇంక నెన్నటికిని లేదు. శ్మశానమునుండి మరలివచ్చుచు సైతము తెలియరాని యామాట ఆ గదిలో తెలిసెను. ఎంతసేపట్లు నిలిచెనో యాయనకే తెలియదు. తుదకు, పిలిచినవాడే పలుకుకొనుట దాసులలో నగుబాటని యెరిగియు, ఎన్నడును తన నోట అనని యామాటను తానే మెల్లగ “హరి” యని కథ నీడ్చుకొనిపోయెను.

శ్రీహరి పరుగున వచ్చెను. చక్రము మకరిని ఖండించెను. ఏనుగు గట్టెక్కెను. మంగళ మెత్తుకొనబోవునంతలో ఎఱ్ఱదీప మారిపోయెను. జోగారావు లోపలికి వచ్చి కథ దివ్యముగ నున్నదనియు, నడుమ వచ్చిన నిశ్శబ్దముచే వేళ మించుటవలన వార్తలకు తెరపి యీయవలసివచ్చినదనియు చేతులు నలుపుకొనుచు చెప్పెను. దోషము తన యాజ్ఞదేయని యాతడు పదేపదే యొప్పుకొనుచుండెను. దాసు అవేవియు వినినట్లు లేదు.

“మంగళము పాడలేదు గదా నాయనా! జనము ఎట్లు లేతురు?” అని మాత్ర మడిగెను.

రేడియో వినువారు మంగళమునకై చూడరనియు, చెవిమీట త్రిప్పి పనులకు పోవుదురనియు జోగారావు మెల్లగ చెప్పెను. కోదండదాసు తల యూపి, గజ్జెలమూట చంకబెట్టుకొని, చిరుతలు చేతబట్టుకొని, సముద్రపు దారి పట్టెను. ఆయన దుఃఖము మిక్కుటమై యుండెను. కథ కుంటువడినందుకు కాదు. ఆమె గొంతు లేనిదే తన గొంతునకు అర్థము లేదని తేలిపోయినందుకు.

సముద్రతీరమున నగరపాలకులు నాటిన స్తంభమునకు పెద్ద రేడియోగొట్టము కట్టబడియుండెను. దానినుండి ఇంగ్లీషున వార్తలు వెలువడుచుండెను. సరిహద్దులయొద్ద సేనలు మోహరించుచున్నవనియు, రాయబారములు విఫలమగుచున్నవనియు ఆ గొట్టము చెప్పుచుండగా నిలుచుండి వినుచున్న గుమాస్తాల ముఖములు నల్లబడుచుండెను. ఆ భాష తెలియని స్త్రీపురుషులనేకులు మాత్రము స్తంభముచుట్టును ఇసుకమీద బాసింపట్లు వేసికొని కదలక మెదలక కూర్చుండియుండిరి. వారిని చుట్టి అలలయొద్దకు పోబోయిన కోదండదాసు వారెందులకు కూర్చుండిరో తెలియక, అంచున నున్న యొక వృద్ధురాలియొద్ద ఆగెను. ఆమె నెల్లూరిసీమనుండి వచ్చి కొత్తవాలు చావడిలో ఆకుకూర లమ్ముకొను వెంగమ్మ.

“అమ్మా! కథ ముగిసినది గదా. ఇంకను కూర్చుంటిరేమి?”

“మంగళం పాడందే ఎట్టా లేస్తాం నాయనా? ఆ దాసుగారు మళ్లా వస్తాడు. మేము హరి అనిందాకా కత నడపని మడిసి, మంగళం పాడకుండా యాడికి పోతాడు?”

కోదండదాసు కాళ్లు ఇసుకలో పాతుకొనిపోయెను. మీరు హరి యనుట యేమని యడుగగా ఆమె జరిగినది చెప్పుకొనివచ్చెను. దాసుగారు పిలిచినప్పుడు ఇక్కడ నొక్కరును పలుకలేదట. రేకుగొట్టమునకు బదులు చెప్పుటకు సిగ్గుపడి ఒకరి ముఖ మొకరు చూచుకొనిరట. కొందరు నవ్విరట. అంతట గొట్టములోని దాసు నిలిచిపోయెనట.

“పాపం, ఆయన అట్టనే ఉండిపోయినాడు నాయనా. పిలిస్తే పలకనోళ్లమై పోయినామే అని నాకు ఆయన మీద జాలేసింది. సిగ్గిడిసి నేను ముందు హరి అన్నా. ఆ పైన అందరూ అన్నారు. అంతే, ఆయన కూడా హరి అనుకొని కత ఎత్తుకున్నాడు. మా మాట ఇన్నాడు.”

దళసరి గుడ్డలు తొడిగిన యాగోడలు కోదండదాసునకు తలపునకు వచ్చెను. ఆ యంత్రము ఇచటి మాటను అచటికి కొనిపోదని జోగారావు మొదటనే చెప్పియుండెను. “నేను వినలేదమ్మా” యను మాట నాలుక చివరకు వచ్చి నిలిచెను. తాను పిలిచెను. వీరు పలికిరి. పలికినవారిలో ఒక కంఠము తక్కినవారికంటె రవంత ముందుండెను. తన చెవి వినకపోయినంతమాత్రమున ఆ పలుకు లేకపోయెనా? ఎవరూ లేరని తాను కుమిలిపోవుచున్న యాక్షణముననే ఎవరో తన మౌనమును చూచి జాలిపడి సిగ్గు విడిచిరి. దాసు కన్నులనుండి నీరు ధారకట్టెను. ఆయన దానిని తుడుచుకొనలేదు.

ఇసుకమీద కూర్చుండి మూట విప్పి గజ్జెలు కట్టుకొనసాగెను. వెంగమ్మ యాగజ్జెలవంక చూచెను, పిమ్మట ఆ ముఖమువంక చూచెను. పైట నిండుగ కప్పుకొని, లేచి, జనమును తప్పించుకొనుచు ముందునకు పోయి స్తంభము మొదట కూర్చుండెను.

మరి కొలదిదినములకు ఆ గొట్టమే యుద్ధవార్తను చెప్పనున్నది. ఆ తీరమున దీపము లార్పనున్నారు. అక్కడ కూర్చున్నవారి బిడ్డలలో కొందరు ఓడలెక్కి పేరు తెలియని దేశములకు పోయి మరలిరాకుందురు. పిలిచిన పలుకువారు లేని యిండ్లు పెక్కు కానున్నవి. కాని యాయాదివారపు సంధ్యలో వీ రెవ్వరికిని అది తెలియదు. అలలు వచ్చుచు పోవుచుండెను. మంగళము మిగిలియుండెను. కోదండదాసు జనము నడుమకు నడచి, గజ్జె ఘల్లుమన పాదము మోపి, చిరుతలెత్తి, యుద్ధవార్తలను మించిన గొంతుతో “శ్రీమద్రమారమణ గోవిందో” యని పిలిచెను. ఈ మారు వేచియుండవలసిన పని కలుగలేదు.