మిగిలిన బిళ్ళలు

మా ఇంట్లో మిగిలినవన్నీ సీతాలుకే. నిన్నటి కూర, అంచు చిరిగిన చీర, అల్లుడు వద్దన్న గొడుగు. ఇవ్వడమే కాదు, ఇచ్చానని నలుగురికీ చెప్పుకునేదాన్ని కూడా. అదీ నా బుద్ధి. ఇప్పుడు తిట్టుకుని ఏం లాభం గాని, తిట్టుకోకుండా ఉండలేను.

మాది గోదావరి జిల్లా. మా ఆయనకి స్టీల్ ప్లాంటులో ఉద్యోగమని విశాఖపట్నం వచ్చి, క్వార్టర్సులో మూడో అంతస్తులో పడ్డాం. లిఫ్టు లేదు. సీతాలు గంగవరం మనిషి. మొగుడు వేటకెళ్ళి తెచ్చిన చేపలు బుట్టకెత్తుకుని మా సెక్టారంతా తిరిగి అమ్మేది. పన్నెండేళ్ళు మా మెట్లెక్కింది. నేను పులస గొప్పలు పోతే, "ఆ ఏటి సేపని ఒట్టి మాటలు సెప్తారమ్మా! ఈ వంజరం ముక్క నోట్లో ఎట్టుకోండి ముందు" అని పకపకా నవ్వేది.

రెండువేల మూడులో దాని మోకాళ్ళు మొరాయించాయి. మొదట ఒక్కో అంతస్తుకీ ఆగి ఆగి వచ్చేది. తర్వాత కిందే కూలబడి కేకేసేది. దిగి వెళ్దామంటే నాకూ మోకాళ్ళే కదా! ఇద్దరివీ అరిగిపోయినవే. కాకపోతే నావి కూర్చుని ఒళ్ళు పెంచితే అరిగినవి, దానివి బరువు మోస్తే అరిగినవి.

"పైకొచ్చి ఇస్తేనే తీసుకుంటానే. లేకపోతే ఇంకొకత్తెని చూసుకుంటా" అన్నాను ఒకరోజు బాల్కనీలోంచి. ఎంత సులువుగా అనేశానో.

"అలగనకండమ్మా. కిందోల్లు బజారెల్లి కొనుక్కుంటన్నారు. దిగనేనోల్లే నాకు బేరాలు. మెట్లు ఎక్కనేకపోతే నాను బతకనేను" అంది సీతాలు. నవ్వు లేదు ఆ గొంతులో.

ఆ వారమే మహారాణిపేటలో గుండె డాక్టరుకి చూపించుకున్నాను. బీపీ ఉంది, షుగరుంది, ఈసీజీలో ఏదో తేడా. మోకాళ్ళకని నేను నెలల తరబడి మింగుతున్న బిళ్ళ చూసి ఆయన కేకలేశాడు. "మోకాళ్ళు నొప్పని నడక మానేశారు. అందుకు ఒళ్ళు పెరిగి గుండె మీద పడుతోంది. చాలదన్నట్టు ఇవొకటి! నొప్పి తగ్గిస్తాయి, గుండెకి చేటు చేస్తాయి. ఇవాళ్టితో మానెయ్యండి" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే డబ్బాలో ఆరు అట్టలు మిగిలున్నాయి, అరవై బిళ్ళలు. పారేయడానికి చేతులు రాలేదు.

ఎవరికిచ్చానో చెప్పక్కర్లేదు.

"ఏటమ్మా ఇయ్యి?" అంది సీతాలు.

"మోకాళ్ళకే. పొద్దున్నొకటి, సాయంత్రమొకటి. అన్నం తిన్నాక మింగు" అన్నాను, నేనే పెద్ద డాక్టర్నయినట్టు. గుండె మాట చెప్పలేదు. దాచాలని కాదు, తట్టలేదు. తట్టలేదనే నాకు నేను ఇన్నాళ్ళూ చెప్పుకుంటున్నాను.

పది రోజులు తిరక్కుండానే గబగబా మెట్లెక్కి వచ్చేసింది. "మీ బిల్లలు అమ్మోరి పెసాదం నాగున్నాయమ్మా!" అని గుమ్మంలో బుట్ట దించి, వద్దన్నా వినకుండా నా కాళ్ళకి దండం పెట్టింది. వంజరం రెండు ముక్కలు ఎక్కువేసింది. అవీ తీసుకున్నాను.

మూడో వారంలో ఒకనాడు బుట్ట దించుతూ రొమ్ము పట్టుకుంది. ఒళ్ళంతా చెమట. "ఏటో మంటమ్మా, గేసు గావాల" అంది. జీలకర్ర నీళ్ళిచ్చి, వెళ్తూ వెళ్తూ సోడా తాగమన్నాను. మర్నాడు రాలేదు. వారమైనా రాలేదు. ఇంకో చేపలమ్మిని మాట్లాడుకుందామా అని మా ఆయన్ని అడిగాను. పులుసు మీదున్న బెంగ మనిషి మీద లేదు, ఛీ, ఏం జన్మ!

మరో రెండు వారాలకి బెల్లు మోగింది. తలుపు తీస్తే సీతాలు కూతురు దేవి. దాని నెత్తిన తల్లి బుట్ట.

"మాయమ్మ పోనాదమ్మా. ఆ రోజు మీ ఇంటికాడినుంచి ఎల్లి, పక్క సెక్టార్ల మెట్లెక్కతా కూలిపోనాది. ఆసుపత్రికి తీసుకెల్తే గుండాగిపోనాదన్నారు."

ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది. "అయ్యో సీతాలూ" అంటూ అక్కడే కూలబడ్డాను. తల్లి పోయిన పిల్లే నన్ను ఓదార్చింది.

"ఊరుకోండమ్మా. ఆకర్న అన్ని రోజులు నడిసిందంటే మీ సలవే. కనబడినోల్లందరికీ సెప్పుకునేది" అంటూ బుట్ట దించి కొంగు ముడి విప్పి, రెండు అట్టలు నా చేతిలో పెట్టింది. "ఇయ్యి మిగిలిపోనాయి. మీకూ మోకాల్లే కదా, ఇచ్చీమన్నాడు మా నాన్న."

"నాకొద్దే! గుండెకి మంచివి కావని డాక్టరు ఎప్పుడో మాన్పించేశాడు."

అన్నాక గాని ఏమన్నానో నాకు తెలియలేదు. బుట్ట ఎత్తుకోబోతున్న దేవి ఆగిపోయింది. నా చేతిలో అట్టల వంక చూసింది, నా ముఖం వంక చూసింది. అరవలేదు, తిట్టలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది.

"మరి మాయమ్మకి గుండె నేదేటమ్మా?"