చన్‌పెంగ్ పేర్చిన కట్టెలు

స్తంభాల మీద లేపిన ఇంటి కింద పేర్చిన కట్టెలు చూసి, అత్తకు కోడలంటే ఎంత ప్రేమో తేల్చేస్తారు ఆ ఊళ్లో. పురిటాలు నిప్పు పక్కనే పడుకోవాలి, పురుడు గడిచేదాకా ఆ నిప్పు ఆరకూడదు. చన్‌పెంగ్ పేర్చిన కట్టెలు స్తంభాల మధ్య మనిషెత్తు లేచాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తే తాను చూడనట్టు నటించేది. ఆ నటన ఆమెకు బొత్తిగా చేతకాదు.

కోడలు మనీవోన్‌కు ఏడో నెల. మొదటి కానుపులో ఆడపిల్ల నెలలు నిండకుండానే పిడికెడంత పుట్టి, వారం తిరక్కుండా పోయింది. అందుకే ఈసారి చన్‌పెంగ్‌కు కంటి మీద కునుకు లేదు. పైగా ఇవి కొండల మీద పోడు కాల్చే రోజులు. ఎదురుగా ఉన్న ఏరు కూడా పొగలో కనబడటం లేదు.

నర్సు వచ్చి పొట్ట కొలిచింది. "బిడ్డ సరిగా ఎదగట్లేదు పెద్దమ్మా. ఈమెకు పొగ తగలనివ్వకండి. తల్లి పీల్చిందే బిడ్డకూ చేరుతుంది" అంది.

చన్‌పెంగ్ నడుం బిగించింది. కోడల్ని లోపల కూర్చోబెట్టి, కిటికీలు మూసి, తడికల సందుల్లో పాత గుడ్డలు కుక్కింది. ఆ గదిలోనే కుంపటి రాజేసి వేర్ల కషాయం కాచింది, జిగురు బియ్యం ఆవిరి మీద ఉడికించింది. దోమ కూడా దూరలేదని మురిసిపోయింది.

నాలుగు రోజులు గడిచాయో లేదో, పక్కింటి బువాలొయ్ కేకేసింది. "ఏమే చన్‌పెంగ్, కోడల్ని చేపలా పొగలో ఎండబెట్టావేంటే?"

చన్‌పెంగ్ పరిగెత్తుకొచ్చి చూస్తే మనీవోన్ వసారాలో కూర్చుని ఉంది.

"నీకు మతుందా? భద్రంగా లోపల కూర్చోబెడితే!"

"లోపల ఊపిరాడట్లేదత్తా. ఇక్కడే నయం."

"ఇక్కడ కొండకి కొండే కాలుతోంది కదే!"

"లోపల కుంపటి కాలుతోంది కదత్తా."

చన్‌పెంగ్‌కు ఒళ్లు మండిపోయింది. "మా అమ్మ, మా అమ్మమ్మ ఆ నిప్పు పక్కనే కన్నారు. మనింటి పొగ మనల్నేం చేస్తుందే?" అంటూ, రుజువు చేయడానికన్నట్టు లోపలికెళ్లి తలుపేసుకుని కూర్చుంది. ఇన్నాళ్లూ ఆ గదిలోకి వస్తూ పోతూ ఉందే తప్ప, స్థిమితంగా కూర్చున్నది లేదు. కాసేపటికే గొంతు గరగరలాడింది. పుట్టబోయే బిడ్డ మణికట్టుకు దీవెనగా కట్టాలని వడికిన తెల్ల నూలు గోడమేకుకు వేలాడుతోంది. చేతిలోకి తీసుకుని చూస్తే బూడిద రంగులో ఉంది. వేళ్లకు మసి అంటింది.

ఆ సాయంత్రమే కుంపటి పెరటి చివరికి పోయింది. కొండల పొగ దూరకుండా కిటికీల కిందా తడికల సందుల్లోనూ మాత్రం తడిగుడ్డలు ఉంచింది.

తొలకరి పడి కొండలు కనబడ్డాక మనీవోన్ ప్రసవించింది. మళ్లీ ఆడపిల్లే. మనిషి చిన్నదే కానీ గొంతు పెద్దది. చూడవచ్చిన ఆడవాళ్లు మంచం పక్కన నిప్పు లేకపోవడం చూసి ముఖాలు చూసుకున్నారు.

"అన్ని కట్టెలూ చూసుకుని మురవడానికా?" అంది బువాలొయ్.

"నీ చితికి దాచాలే" అంది చన్‌పెంగ్.

పెరటి చివర మంట వేసి, ఏటి రాళ్లు కాల్చి, ఆకుల్లోనూ గుడ్డల్లోనూ చుట్టి, నిచ్చెన మెట్లెక్కి తెచ్చి కోడలి పొట్ట మీద పెడుతోంది. మోకాళ్లు మొరాయిస్తున్నా మానలేదు. వేడి చాలు, పొగ ఎందుకు?

మూడో రోజు రాయి పెడుతూ, తల్లి పక్కన నిద్రపోతున్న పసిదాన్ని చూసి ఆగిపోయింది. మొదటి పిల్ల పడుకున్నదీ అక్కడే.

"దాన్ని నేనే నిప్పు దగ్గరికి జరిపేదాన్ని మనీ. చలేస్తుందేమోనని. నువ్వు వద్దంటున్నా జరిపేదాన్ని."

మనీవోన్ చాలాసేపు పసిదాని నెత్తి నిమిరింది. తర్వాత, "రాయి చల్లారింది. ఇంకోటి తెస్తావా అత్తా?" అంది.

చన్‌పెంగ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ మీదికి నెడదామంటే ఆ ఇంట్లో పొగ లేదు. చల్లారిన రాయి ఒళ్లో పెట్టుకుని కాసేపు ఏడ్చి, ఇంకోటి తేవడానికి మెట్లు దిగింది.