నొప్పి లేని బొడిపె

పెళ్లయిన మూడో వారంలో మా ఆయన ముంజేతి మీద బొడిపె చూశాను. కందిగింజంత, ఎర్రగా, నున్నగా, ముద్దొచ్చేలా ఉంది. నొప్పి లేదన్నాడు.

ఆయన దర్జీ. బట్టకు ఒరుసుకుంటుందని దానిమీద ప్లాస్టర్ వేశాను. ఊరికే వేసి వదిలేస్తే నేనెందుకవుతాను? పెన్నుతో రోజుకో మొహం గీసేదాన్ని. ఒకరోజు మీసాలు, ఒకరోజు ముడుచుకున్న మూతి. కొట్టుకి వచ్చిన వాళ్లందరికీ చూపించి మురిసిపోయేవాడట. ఆ మాట విని నేను ఇంకా మురిసిపోయేదాన్ని.

నాలుగేళ్ల క్రితం వాళ్లక్క ఆయనకు కిడ్నీ ఇచ్చింది. "నా కిడ్నీని వీడింటికి కాపురానికి పంపాను, నువ్వే దానికి అత్తగారివి" అంటుంది వదిన నాతో. ఒళ్లు దాన్ని పరాయిదని తరిమెయ్యకుండా, రోగాలను అడ్డుకునే ఒంట్లోని కాపలాను జోకొట్టే మాత్రలు ఆయన రోజూ వేసుకుంటాడు. ఆ మాత్రలు వాడేవాళ్లకు చర్మం జబ్బులు తేలిగ్గా వస్తాయట, అందుకే మూడు నెలలకోసారి చర్మం కూడా చూపించుకోవాలి.

"ఒంటిమీద కొత్తగా ఏమైనా వచ్చాయా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పెళ్లాం వచ్చిందండి."

ఆవిడ నవ్వేసింది. ప్లాస్టర్ చూసి, "ఇదేమిటి?" అంది.

"మా ఆవిడ బొమ్మలండి."

మళ్లీ నవ్వింది. విప్పమనలేదు. మేమూ విప్పలేదు.

నెల తిరిగేసరికి ప్లాస్టర్ చాలలేదు. పెద్దది కొన్నాను. రెండు మొహాలకు చోటు దొరికిందని సంబరపడ్డాను, ఆయనదీ నాదీ.

జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన వదిన దాన్ని ఊడదీసింది. కింద రేగుపండంత, ఊదారంగులో ఉంది.

"నొప్పి లేదొదినా."

"నొప్పి ఉందా అని నేనడిగానా?"

మర్నాడే ముక్క తీసి పరీక్షకు పంపారు. వారానికి ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది డాక్టరమ్మ. చాలామంది ఒంటిమీద ఊరికే పడుండే వైరస్సేనట. కాపలా నిద్రపోయిన ఒంట్లో అదే కేన్సర్‌కు దారితీసిందట.

"కోసి తీసేయాలి. మాత్రలూ తగ్గించాలి. తగ్గిస్తే కిడ్నీ నిలుస్తుందని మాటివ్వలేను."

ఆయన వాళ్లక్క వైపు చూడలేకపోయాడు.

"ఇచ్చేశాక అది నాది కాదురా" అంది వదిన. "తగ్గించండి డాక్టర్."

"చంకలోకి పాకిందేమో చూడాలి. లేచి చెయ్యెత్తండి" అంది డాక్టరమ్మ.

చంకలో తడుముతున్న ఆవిడ వేళ్లు ఒకచోట ఆగాయి. పక్కకు జరిగి, మళ్లీ అక్కడికే వచ్చాయి. చక్కిలిగింతలకు మెలికలు తిరిగిపోయే మనిషి, కదలకుండా నిలబడ్డాడు.